నవ్వు తెగిపోయిన చోటు

2024 మే 12 సాయంత్రం. తెల్లవారితే పోలింగ్. తెనాలి పక్క ఊళ్లో ఉండే మా పెద్దమ్మ ఫోన్ చేసింది. "ఏరా, గెలిస్తే పింఛన్లు తీసేస్తాడంటగా! నా చెవులతో నేనే విన్నాను, అచ్చం అతని గొంతే" అంది. ఒక పార్టీ నాయకుడి గొంతుతో ఉన్న ఆ ఆడియో అప్పటికే నాకు పంపింది. నలభై సెకన్లు కూడా లేదు.

రికార్డయిన గొంతులు విని, ఎక్కడైనా అతుకు ఉందా, గొంతు అసలుదేనా అని తేల్చడం ఇరవై ఏళ్లుగా నా పని. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని నాలుగైదుసార్లు విన్నాను. చివరి మాట అయ్యాక, ఫైలు ఆగేలోపు, రెప్పపాటు చప్పుడేదో ఉంది. ఆ ముక్కని సాగదీసి, సౌండు పెంచి వింటే తెలిసింది: జనం నవ్వడం మొదలుపెట్టారు. ఆ నవ్వు పైకి లేవకముందే ఎవరో కత్తిరించేశారు. ఎక్కడో వేదిక మీద ఒక మిమిక్రీ కళాకారుడు ఆ నాయకుణ్ణి ఆటపట్టిస్తూ చెప్పిన ముక్క అది.

ఎదుటి పార్టీని ఎగతాళి చేయడం తప్పని నేననను. ఎగతాళి లేని ఎన్నికలు నాకొద్దు. మోహన్, శ్రీధర్ కార్టూన్లలో నాయకుల్ని చూసి నవ్వుకుంటూ పెరిగినవాళ్లం. ఓరుగల్లు నుంచి వచ్చిన నేరెళ్ల వేణుమాధవ్ ఒక్క గొంతులోంచి ఎందరెందరినో పలికించారు. అయితే ఎదురుగా కూర్చున్నవాళ్లకి మాట్లాడుతున్నది ఎవరో తెలుసు. మైకు, వేదిక, చప్పట్లు అన్నీ కలిసి అది అనుకరణేనని చెబుతూనే ఉండేవి. కార్టూన్‌కి చుట్టూ గడి ఉంటుంది, కింద సంతకం ఉంటుంది.

అదే మే నెలలో మోదీ వేదిక మీద స్టెప్పులేస్తున్నట్టు ఒక యానిమేషన్ వీడియో తిరిగింది. తన డాన్సు తనకీ నచ్చిందని ఆయనే ఎక్స్‌లో రాశారు. మమతా బెనర్జీ మీద అలాంటిదే వస్తే కోల్‌కతా పోలీసులు పెట్టినవాళ్ల వివరాలు అడిగారు. నా దృష్టిలో ఆ రెండు వీడియోల వల్లా ఎవరికీ ప్రమాదం లేదు. అవి బొమ్మలని పిల్లలకు కూడా తెలుస్తుంది. పోలీసుల ఓపిక అక్కడ ఖర్చు కావడమే నాకు బాధ.

భయపడాల్సింది చూడగానే వెక్కిరింత అని తెలియనివాటి గురించి. 2023 నవంబర్ 30న తెలంగాణలో జనం ఓటు వేయడానికి వరుసల్లో నిలబడుతుండగా ఏడు సెకన్ల వీడియో ఒకటి బయటికొచ్చింది. బీఆర్ఎస్ నాయకుడు కేటీఆర్, కాంగ్రెస్‌కు ఓటేయండి అంటున్నట్టుగా తయారుచేసింది. అది కాంగ్రెస్ ఎక్స్ ఖాతాలోనే కనిపించిందని, 5 లక్షలకు పైగా చూశారని అల్ జజీరా రాసింది. చేసినవాళ్లకు అది గడుసుతనంగా అనిపించి ఉండవచ్చు. ఫోన్ తెరిచి ఆ ఏడు సెకన్లే చూసి బూత్‌లోకి వెళ్లిన మనిషికి అది గడుసుతనమని ఎవరు చెప్పాలి?

దీనికి కృత్రిమ మేధే అక్కర్లేదు. అమిత్ షా 2023 ఏప్రిల్‌లో చేవెళ్ల సభలో ముస్లిం రిజర్వేషన్లు తీసేస్తామని మాట్లాడారు. ఏడాది తర్వాత, లోక్‌సభ ఎన్నికల నడిమధ్యలో, ఎస్సీ ఎస్టీ ఓబీసీ రిజర్వేషన్లే తీసేస్తామన్నట్టు ఆ ప్రసంగాన్ని కత్తిరించి అతికించిన వీడియో దేశమంతా తిరిగింది. ఢిల్లీ పోలీసులు కేసు పెట్టారు. అసలు ప్రసంగం మీద ఎవరి అభిప్రాయం వారిది. దాని మీద విమర్శ చేయడానికి అందులోని మాటలే చాలు. లేని మాట అతికించాక విమర్శకు కూడా చోటు ఉండదు, వాదన అంతా వీడియో మీదికి మళ్లిపోతుంది.

స్లొవేకియా సంగతి మా రంగంలో అందరికీ గుర్తే. 2023 సెప్టెంబర్ 30న అక్కడ పోలింగ్. దానికి ముందు ఒక ప్రధాన పార్టీ నాయకుడు మిఖాల్ షిమెచ్కా గొంతుతో నకిలీ ఆడియోలు వచ్చాయి. ఒకదానిలో ఎన్నికల్లో మోసం ఎలా చేయాలో ఒక జర్నలిస్టుతో మాట్లాడుతున్నట్టు ఉంటుంది. ఇంకొకటి బీరు ధర పెంచుతానన్నట్టు, వింటే నవ్వొచ్చేది. అక్కడ పోలింగ్‌కు ముందు 48 గంటలు ప్రచారం, ఎన్నికల వార్తలు బంద్. మోసం ఆడియో సరిగ్గా ఆ నిశ్శబ్దంలోనే తిరిగింది. వాటివల్లే ఫలితం మారిందని ఎవరూ రుజువు చేయలేదు, నేనూ అననుగాక అనను. జవాబు చెప్పుకునే దారి మూసుకున్నాక మాట నోటిలో పెట్టడం సాధ్యమేనని మాత్రం అది చూపించింది.

మనకీ అలాంటి 48 గంటలు ఉన్నాయి, పోలింగ్ ముగిసేదాకా. ప్రజాప్రాతినిధ్య చట్టం సెక్షన్ 126 ప్రకారం సభలుండవు, టీవీలో ఎన్నికల ప్రచారం ఉండదు. వాట్సాప్ మాత్రం ఆగదు. ఎన్నికల సంఘం 2024 మే 6న పార్టీలకు చెప్పింది: ఇలాంటి నకిలీవి దృష్టికి వస్తే 3 గంటల్లోగా తీసేయాలని. మంచిదే. కానీ అది పార్టీ ఖాతాలకే. మా పెద్దమ్మకి ఆ ఆడియో వచ్చిన గ్రూపు ఏ పార్టీదీ కాదు, అది గుడి భజన గ్రూపు. 2025 అక్టోబరులో, బీహార్ ఎన్నికల ముందు, ఆడియో అయితే మొదటి పది శాతం సేపు కృత్రిమమని చెప్పాలని ఎన్నికల సంఘమే అంది. అంటే ముప్పై సెకన్ల ఆడియోలో మూడు సెకన్లు. ఫోన్‌లో ఆ మూడు సెకన్లు తీసేయడానికి రెండుసార్లు వేలు జరిపితే చాలు. చివరి నవ్వు తీసేయడానికి కూడా అంతే.

"మీలాంటివాళ్లు ఉన్నారుగా, తేల్చేయొచ్చుగా" అంటారు. తేల్చడానికి నాకు ఒక్కోసారి రెండు రోజులు పడుతుంది. ఊపిరి ఎక్కడ తీశాడు, గదిలో ప్రతిధ్వని మాట మాటకీ ఒకేలా ఉందా, హల్లులు ఎలా పడ్డాయి, ఇవన్నీ చూడాలి. వాట్సాప్‌లో పంపిన వాయిస్ మెసేజ్ బాగా కుదించుకుపోతుంది, పైస్థాయి ధ్వనులు రాలిపోతాయి. మాకు కావలసిన ఆనవాళ్లలో చాలా భాగం ఉండేది అక్కడే. అంత కష్టపడ్డాక కూడా చాలాసార్లు నేను రాసేది "అనుమానం ఉంది" అనే. ఆ మాటకి పోలింగ్ ముందు రోజు రాత్రి ఏం బలం ఉంటుంది?

అందుకే నేను అడిగేది పార్టీల్లో వీడియోలు చేసే కుర్రాళ్లని. వెక్కిరించండి. బొమ్మ గీయండి, పాట కట్టండి, మీ గొంతుతో మీరే అనుకరించండి. ఎదుటివాడి అసలు ముఖం, అసలు గొంతు తీసుకుని అతను అనని మాట అనిపించకండి. నవ్వు చివర్లో పెట్టకండి, మాట మాటలోనూ కలిసిపోయేలా పెట్టండి, ఎక్కడ కోసినా అది ఎగతాళి అని తెలిసేలా. ఆ ఆఖరి రెండు రోజులు గొంతు నకళ్లు, సరదాకైనా సరే, ఎవరూ వదలకూడదని పార్టీలే కూర్చుని ఒప్పందం చేసుకోవచ్చు. దానికి కొత్త చట్టం అక్కర్లేదు.

ఆ సాయంత్రం పెద్దమ్మకి ఆ నవ్వు ముక్క ఫోన్‌లోనే వినిపించాను. మొదట వినపడలేదంది. మూడోసారికి "అవును, ఎవరో నవ్వుతున్నారు" అంది. కాసేపు ఊరుకుంది. "గుడి దగ్గర పదకొండు మందికి చెప్పేశాను కదరా" అని ఒక్కొక్కరికీ ఫోన్ చేయడం మొదలుపెట్టింది. రాత్రి పదిన్నరకి మళ్లీ నాకు చేసింది. ఎనిమిదిమంది దొరికారట. ఇద్దరి ఫోన్లు స్విచ్ఛాఫ్. ఇంకొకావిడ, గొంతు అతనిదే అయినప్పుడు నువ్వు కాదంటే ఎలా అందట.