రూటర్ మీద చెయ్యి వేసే ముందు... దారి మళ్లించారా?

2025 సెప్టెంబరు 18. ఆస్ట్రేలియాలోని పెద్ద టెలికాం కంపెనీల్లో ఒకటైన ఆప్టస్, తన నెట్‌వర్క్‌లో ఒక ఫైర్‌వాల్ అప్‌గ్రేడ్ మొదలుపెట్టింది. ముందే ప్లాన్ చేసుకున్న పనే. కానీ ఆ తర్వాత దాదాపు 13 గంటల పాటు సౌత్ ఆస్ట్రేలియా, వెస్టర్న్ ఆస్ట్రేలియా, నార్తర్న్ టెరిటరీల నుంచి 000 నంబరుకు చేసిన వందలాది కాల్స్ కలవలేదు. మనకు 112 ఎలాగో వాళ్లకు 000 అలా. సాయం కోసం ఫోన్ చేసినా కలవని ఇళ్లలో మరణాలూ సంభవించాయి.

అసలు ఏం జరిగింది? అప్‌గ్రేడ్ చేసే భాగం గుండా వెళ్లే కాల్స్‌ను ముందుగా వేరే దారికి మళ్లించాలి. అది మొదటి స్టెప్. ఆ స్టెప్పే పడలేదని కంపెనీ ప్రాథమిక పరిశీలనలో తేలినట్లు సీఈఓ స్టీఫెన్ రూ చెప్పారు. పైగా మామూలు కాల్స్ వెళ్తూనే ఉండటంతో అలారాలూ మోగలేదు.

నెట్‌వర్కింగ్ ఉద్యోగాల వైపు చూస్తున్న ప్రతి విద్యార్థీ ఈ ఘటనను చదవాలి. ఎందుకంటే ఇక్కడ దెబ్బకొట్టింది కష్టమైన టెక్నాలజీ కాదు, పని చేసే వరుస.

మళ్లించడం అంటే?

హైదరాబాద్‌లో గణేశ్ నిమజ్జనం రోజున పోలీసులు ముందుగానే ట్రాఫిక్ మళ్లింపులు ప్రకటిస్తారు. వాహనాలు ట్యాంక్‌బండ్ దాకా వచ్చాక ఆపితే ఏమవుతుందో మనకు తెలుసు. రూటర్ల విషయంలోనూ అంతే. ఉన్నపళంగా రీబూట్ కొడితే, అది పోయిందని పక్క రూటర్లు గుర్తించి కొత్త దారి వెతుక్కునేలోపు వచ్చిన ప్యాకెట్లు గల్లంతవుతాయి. అదే ముందుగా ‘నా వైపు రాకండి’ అని రూటర్ చేతే చెప్పిస్తే, అది పనిచేస్తూ ఉండగానే ట్రాఫిక్ వేరే దారి పట్టేస్తుంది. దీన్నే ఇంజినీర్లు ట్రాఫిక్ డ్రెయిన్ చేయడం అంటారు.

ఓఎస్‌పీఎఫ్‌లో దీనికి మ్యాక్స్-మెట్రిక్ అనే సదుపాయం ఉంది. రూటర్ తన లింకుల కాస్ట్‌ను గరిష్ఠంగా, అంటే 65535గా ప్రకటిస్తుంది. వేరే దారి ఉంటే మిగతా రూటర్లు దీన్ని పక్కనపెడతాయి. ఐఎస్-ఐఎస్‌లో ఓవర్‌లోడ్ బిట్ ఇలాంటి పనే చేస్తుంది. బీజీపీలో గ్రేస్‌ఫుల్ షట్‌డౌన్ పద్ధతి ఉంది. 2018లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 8326 దీన్ని వివరిస్తుంది. రూట్లకు 65535:0 అనే కమ్యూనిటీ తగిలిస్తే, దాన్ని పాటించేలా కాన్ఫిగర్ చేసిన పక్క రూటర్లు ఆ రూట్లకు లోకల్ ప్రిఫరెన్స్‌ను సున్నాకు తగ్గిస్తాయి. సెషన్ తెగకముందే మరో దారి ఎంచుకుంటాయి.

కమాండ్ ఒక్కటే చాలదు

రెండు రూటర్లు ఉన్నాయి, ఒక్కోటి 60 శాతం లోడ్‌తో నడుస్తోంది అనుకుందాం. ఒకదాన్ని ఖాళీ చేస్తే రెండోదాని మీద 120 శాతం భారం పడుతుంది. అంటే మళ్లింపే ప్రమాదమైపోతుంది! అందుకే ముందు లెక్క చూసుకోవాలి, రద్దీ తక్కువున్న వేళను ఎంచుకోవాలి.

మళ్లించాక వెంటనే పని మొదలెట్టకూడదు. ఇంటర్‌ఫేస్ కౌంటర్లు చూడాలి. ట్రాఫిక్ దాదాపు సున్నాకు వచ్చిందా? ఇంకా ఏదైనా ప్రవహిస్తుంటే, అది ఎవరిదో తేలేదాకా ఆగాలి.

పని అయ్యాక కూడా తొందర పనికిరాదు. రీబూట్ తర్వాత సాధారణంగా ఓఎస్‌పీఎఫ్ ముందు లేస్తుంది, బీజీపీ రూట్లు పూర్తిగా రావడానికి ఇంకాస్త టైమ్ పడుతుంది. ఆ మధ్యలో ట్రాఫిక్ వచ్చిందో, ఎటు పంపాలో తెలియక రూటర్ దాన్ని పారేస్తుంది. అందుకే బీజీపీ సిద్ధమయ్యేదాకా మ్యాక్స్-మెట్రిక్‌లోనే ఉంచే ఏర్పాటు చాలా రూటర్లలో ఉంటుంది.

2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ దాదాపు ఆరు గంటలు ఆగిపోయింది కూడా మెయింటెనెన్స్ పనిలోనే. బ్యాక్‌బోన్ కెపాసిటీ ఎంతుందో చూద్దామని ఇచ్చిన కమాండ్ అన్ని డేటాసెంటర్ల మధ్య కనెక్షన్లనూ తెంపేసింది. అలాంటి కమాండ్లను అడ్డుకోవాల్సిన ఆడిట్ టూల్‌లోనే బగ్ ఉందని కంపెనీ తర్వాత తెలిపింది. టూల్ ఉంది కదా అని మనిషి చూసుకోవడం మానకూడదన్నమాట.

మీకేంటి సంబంధం?

చాలా ఉంది. విదేశీ నెట్‌వర్క్‌లను మన దేశంలోని ఆపరేషన్స్ సెంటర్ల నుంచి చూసుకునే ఉద్యోగాలున్నాయి. న్యూయార్క్‌లో అర్ధరాత్రి దాటి 2 గంటలైతే మనకు సీజన్‌ను బట్టి ఉదయం 11.30 లేదా మధ్యాహ్నం 12.30. వాళ్ల మెయింటెనెన్స్ విండో మన డే షిఫ్ట్‌లో పడుతుంది. ఆ కీబోర్డు ముందు రేపు మీరే ఉండొచ్చు.

‘రూటర్‌లో సాఫ్ట్‌వేర్ అప్‌గ్రేడ్ చేయాలి, ఎలా చేస్తారు?’ అని ఇంటర్వ్యూలో అడిగితే నేరుగా కమాండ్ చెప్పకండి. బ్యాకప్, ప్రత్యామ్నాయ దారి కెపాసిటీ, మళ్లింపు, కౌంటర్ల చెక్, అప్‌గ్రేడ్, సర్వీస్ టెస్ట్, మళ్లీ ట్రాఫిక్ తేవడం, ఏదైనా తేడా వస్తే రోల్‌బ్యాక్... ఈ వరుస చెప్పండి. సర్వీస్ టెస్ట్ అన్నప్పుడు ఎమర్జెన్సీ కాల్స్ లాంటివి విడిగా పరీక్షించాలని చెప్పడం మరవొద్దు. ఆప్టస్ ఘటన నేర్పింది అదే.

ప్రాక్టీస్‌కు ఖర్చేమీ అక్కర్లేదు. ఉచితంగా దొరికే ఎఫ్ఆర్‌రౌటింగ్‌తో ల్యాప్‌టాప్‌లోనే నాలుగు రూటర్ల ల్యాబ్ కట్టుకోవచ్చు. పింగ్ నడుస్తుండగా ఒకసారి నేరుగా రూటర్‌ను ఆపండి, ఇంకోసారి మళ్లించి ఆపండి. ఎన్ని పింగ్‌లు పోయాయో రాసుకోండి. రెజ్యూమెలో ‘ఓఎస్‌పీఎఫ్ తెలుసు’ అన్న మాట కంటే ఆ రెండు అంకెలు ఎక్కువ చెబుతాయి.

ఉద్యోగంలో చేరాక, సీనియర్ ఇచ్చిన ప్లాన్‌లో మొదటి స్టెప్ కనిపించకపోతే మొహమాటపడొద్దు. ‘సార్, ట్రాఫిక్ మళ్లించామా?’ అని అడగండి. ఫ్రెషర్ అయినా అడగాల్సిన ప్రశ్నే అది.