ఖరీదైన ఒక్క జత కన్నా సరిపడిన రెండు జతలు మేలు

ఆగస్టులో హైదరాబాద్ మారథాన్ దగ్గర పడుతున్న కొద్దీ నెక్లెస్ రోడ్డు మీద, కేబీఆర్ పార్కు చుట్టూ తెల్లవారుజామున పరుగెత్తేవారి సంఖ్య పెరుగుతుంది. విశాఖ బీచ్ రోడ్డులోనూ ఇటువంటి దృశ్యమే కనిపిస్తుంది. నలభై, యాభై ఏళ్లు దాటిన తరువాత, మధుమేహమో రక్తపోటో హెచ్చరించిన తరువాత పరుగు మొదలుపెట్టినవారు వీరిలో ఎందరో ఉంటారు. ఇది సంతోషించవలసిన పరిణామం. అయితే వీరు వైద్యుణ్ణి అడిగే మొదటి ప్రశ్న తరచుగా ఒకటే: “డాక్టర్ గారూ, ఏ కంపెనీ బూట్లు కొనమంటారు?” నేను కంపెనీ పేరు చెప్పను. పాదానికి హాయిగా ఉన్న రెండు సాధారణ జతలను మార్చి మార్చి వాడమంటాను. పందెం కోసం తయారైన ఖరీదైన జతను ప్రస్తుతానికి దుకాణంలోనే ఉండనివ్వమంటాను. అందుకు కారణాలు వివరిస్తాను.

ముందుగా బూటు ఏమి చేయగలదో, ఏమి చేయలేదో తెలుసుకోవాలి. నెమ్మదిగా పరుగెత్తేవారు కిలోమీటరుకు వెయ్యికి పైగా అడుగులు వేస్తారు. ప్రతి అడుగులోనూ శరీర బరువుకు రెండు మూడు రెట్ల బలం కాలి మీద పడుతుంది. ఎముకలు, కండరాలు, స్నాయువులు ఈ భారానికి అలవాటు పడడానికి వారాలు, నెలలు కావాలి. ఆ వ్యవధి ఇవ్వకుండా దూరాన్ని, వేగాన్ని ఒక్కసారిగా పెంచడమే చాలా గాయాలకు మూలం. ఎంత మెత్తని బూటైనా ఈ తొందరపాటును సరిదిద్దలేదు.

పాదం వంపును చూసి బూటు రకం నిర్ణయించాలనే నమ్మకం దుకాణాలలో బలంగా ఉంది. అమెరికా సైన్యం, వైమానిక దళం, మెరీన్ దళాలలో ప్రాథమిక శిక్షణ పొందుతున్న వేలాది మందిపై దీనిని పరీక్షించారు. కొందరికి పాదం ఆకారాన్ని బట్టి, మిగిలినవారికి అందరికీ ఒకే రకంగా బూట్లు ఇచ్చారు. గాయాల సంఖ్యలో చెప్పుకోదగిన తేడా రాలేదు. కెనడాలోని కాల్గరీ విశ్వవిద్యాలయానికి చెందిన బెన్నో నిగ్ ఈ విషయంపై దశాబ్దాల తరబడి పనిచేసి, పాదానికి కలిగే హాయినే ఎంపికకు ఆధారంగా తీసుకోవాలని ప్రతిపాదించారు. నా అభిప్రాయమూ అదే.

హాయి అన్నది దుకాణంలో రెండు నిమిషాలు కూర్చుని తేల్చే విషయం కాదు. సాయంత్రం పాదాలు కొంత ఉబ్బి ఉంటాయి కనుక ఆ వేళ వెళ్ళండి. పరుగులో వాడే మేజోళ్ళు తొడుక్కుని వెళ్ళండి. రెండు పాదాలూ సమానంగా ఉండాలన్న నియమం లేదు. పెద్ద పాదానికి సరిపడే కొలత తీసుకోండి. నిలబడినప్పుడు పొడవైన వేలికి ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. ఆ ఖాళీ లేనందువల్లనే చాలామందికి కాలిగోళ్ళ కింద రక్తం గడ్డకట్టి నల్లబడతాయి. వేళ్ళు పక్కలకు కదలాలి, మడమ మాత్రం పైకి జారకూడదు. దుకాణంలోనే కొంతసేపు నడిచి, నాలుగడుగులు పరుగెత్తి చూడండి. ‘వాడగా వాడగా సర్దుకుంటుంది’ అని అమ్మకందారు అంటే ఆ జతను తిరిగి ఇచ్చివేయండి.

ఇక రెండు జతల సంగతి. లక్సెంబర్గ్ పరిశోధకులు 264 మంది పరుగువారిని 22 వారాల పాటు గమనించారు. ఒకటి కంటే ఎక్కువ జతలను మార్చి వాడినవారిలో గాయాల ముప్పు 39 శాతం తక్కువగా కనిపించింది. ఇది గమనించి చెప్పిన ఫలితమే తప్ప, చీటీలు వేసి విభజించి చేసిన ప్రయోగం కాదు కనుక దానిని అంతిమ తీర్పుగా భావించనక్కరలేదు. అయినా దాని వెనుక ఉన్న తర్కం బలమైనది. ప్రతి బూటూ భారాన్ని కొద్దిగా వేరుగా పంచుతుంది. మడమ వైపు ఎత్తు ఎక్కువగా ఉన్న బూటులో మోకాలిపై శ్రమ కొంత పెరుగుతుంది. ఎత్తు తక్కువైతే పిక్కపైనా, పిక్కను మడమకు కలిపే అకిలిస్ స్నాయువుపైనా పెరుగుతుంది. బూట్లు మారుతూ ఉంటే ఒకే కణజాలం రోజూ అదే దెబ్బ తినదు.

మన వాతావరణం మరొక కారణాన్ని చేరుస్తుంది. చెమటతోనో వానతోనో తడిసిన బూటు వర్షాకాలంలో ఒక్క రోజులో ఆరదు. ఆ తడిలోనే మళ్ళీ పాదం పెడితే బొబ్బలు వస్తాయి, వేళ్ళ సందుల్లో ఫంగస్ చేరుతుంది. లోపలి అట్టను బయటకు తీసి, పాత వార్తాపత్రికలు కుక్కి, నీడలో గాలికి ఆరనివ్వండి. మరునాడు రెండవ జత వాడండి.

రెండు జతలంటే ఖర్చు రెట్టింపు కదా అని మీరు అడగవచ్చు. బూటు సాధారణంగా 500 నుంచి 800 కిలోమీటర్ల వరకు పనిచేస్తుంది. వారానికి 25 కిలోమీటర్లు పరుగెత్తేవారికి ఒక జత ఐదు నుంచి ఏడు నెలలు వస్తుంది; రెండింటిని మార్చి వాడితే అవి పది నుంచి పద్నాలుగు నెలలు వస్తాయి. ఖర్చు కొంత ముందుగా పెడుతున్నారు, అంతే. మొదటి జత సగం అరిగిన తరువాత రెండవది కొనడం ఇంకా మంచిది. అప్పుడు రెండూ ఒకేసారి అరిగిపోవు. కొత్త జతతో మొదట చిన్న పరుగులే చేయండి. వారానికి రెండు మూడు సార్లు కొద్ది దూరమే పరుగెత్తేవారికి, నడకతో సరిపెట్టుకునేవారికి ఒక్క జత చాలు.

పందెపు బూట్ల విషయంలో నా మాట కొందరికి నచ్చకపోవచ్చు. 2017లో నైకీ సంస్థ వేపర్‌ఫ్లై బూట్లు విడుదల చేసినప్పటి నుంచి మందపాటి ఫోమ్‌లో కార్బన్ పలక అమర్చిన బూట్లు వ్యాపించాయి. రోడ్డు పందేలలో సోల్ మందం 40 మిల్లీమీటర్లకు మించరాదని ప్రపంచ అథ్లెటిక్స్ సంస్థ 2020లో నియమం పెట్టవలసి వచ్చింది. శక్తి వ్యయం సగటున 4 శాతం తగ్గుతుందన్న ఫలితం గంటకు 14 నుంచి 18 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తే మేటి క్రీడాకారులలో వచ్చింది. గంటకు 10 కిలోమీటర్ల వేగంలో పరీక్షించినప్పుడు లాభం ఒక శాతం దరిదాపులకు తగ్గిపోయింది. మరోవైపు, ఇటువంటి బూట్లు వాడిన ఐదుగురు క్రీడాకారులలో పాదం మధ్య ఉండే నావిక్యులర్ ఎముక దెబ్బతిన్నట్లు 2023లో వైద్యులు నివేదించారు. ఐదుగురి ఉదంతాలతో కారణం రుజువు కాదు. జాగ్రత్తపడడానికి మాత్రం చాలు. ఆ ఎముక పగులు మానడానికి నెలలు పడుతుంది. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్లు కాకూడదు. పందెం నాడు మీరు సాధనలో వాడి అలవాటైన జతనే వేసుకోండి.

1960లో రోమ్ ఒలింపిక్ మారథాన్‌ను ఇథియోపియా వీరుడు అబెబె బికిలా వట్టి కాళ్ళతో గెలిచారు. 1964లో టోక్యోలో బూట్లు ధరించి మళ్ళీ గెలిచారు. రెండు చోట్లా గెలిపించింది సాధన.

చివరగా మధుమేహం ఉన్నవారికి ప్రత్యేకంగా చెప్పవలసిన మాట ఉంది. పైన చెప్పిన హాయి అనే కొలత, స్పర్శ తగ్గిన పాదానికి పనికిరాదు. బిగుతైన బూటు కూడా వారికి హాయిగానే తోస్తుంది. పుండు పడినా నొప్పి తెలియదు. మొదట వైద్యుని వద్ద సన్నని నైలాన్ తీగతో చేసే స్పర్శ పరీక్ష చేయించుకోండి, పరుగు తగునో కాదో అడగండి. కొనేటప్పుడు కాగితం మీద పాదం గీత గీసుకుని వెళ్ళి, బూటు లోపలి అట్టతో సరిచూడండి. తొడుక్కునే ముందు చేయి పెట్టి లోపల తడమండి. ప్రతి పరుగు తరువాతా పాదాల అడుగు భాగాన్ని అద్దంలో చూసుకోండి. ఎరుపు, బొబ్బ, చీలిక ఏది కనిపించినా పరుగు ఆపి ఆ రోజే వైద్యునికి చూపండి. ఆరోగ్యం కోసం మొదలుపెట్టిన పరుగు పాదాన్ని పోగొట్టుకునే స్థితికి తేకూడదు.