మూఢనమ్మకం ఒక్కటే కాదు సార్, మందు అందక పోతున్నాం



మేం చిలకలూరిపేటలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుకుంటున్నోళ్ళం. మాలో యానాదులున్నారు, సుగాలీలున్నారు, ఎరుకలోళ్ళున్నారు, బొల్లాపల్లి వైపు నుంచి వచ్చిన చెంచు తమ్ముడొకడున్నాడు. అందరం మా ఇళ్ళల్లో కాలేజీ గడప తొక్కిన మొదటోళ్ళమే. పోస్టు పొడుగైంది, ఓపిగ్గా చదవండి. విషయం పాముకాటు.

ఏ అవగాహన సదస్సుకు పోయినా ఒకటే మాట వింటున్నాం. "గిరిజనులు పాము కరిస్తే మంత్రగాడి దగ్గరికి పోతారు, అందుకే చచ్చిపోతారు. మీరు చదువుకున్నారు కదా, మీవాళ్ళని మార్చండి." ఈ మాట వినీ వినీ మాకు విసుగొచ్చింది. సగం నిజం చెప్పి మిగతా సగం దాచేస్తే అది అబద్ధం కన్నా ఎక్కువ చెడు చేస్తుంది. అందుకే లెక్కలతో సహా రాస్తున్నాం.

ముందు లెక్క చూద్దాం. మన దేశంలో మిలియన్ డెత్ స్టడీ అని పెద్ద పరిశోధన జరిగింది. ఆస్పత్రి రిజిస్టర్లను నమ్ముకోకుండా ఇంటింటికీ పోయి, ఆ ఇంట్లో మనిషి ఎలా పోయాడో అడిగి రాసుకున్నారు. 2020లో వచ్చిన ఆ లెక్క ప్రకారం 2000 నుంచి 2019 దాకా పాముకాటుతో పోయినవాళ్ళు 12 లక్షలు. ఏడాదికి సగటున 58 వేలు. చనిపోయినవాళ్ళలో పావు వంతుకు పైగా 15 ఏళ్ళ లోపు పిల్లలు. చావులు ఎక్కువున్న రాష్ట్రాల వరసలో మన ఆంధ్ర కూడా ఉంది. అదే పరిశోధనలో అంతకుముందు 2011లో వచ్చిన లెక్కలో, ఒక్క ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే ఏడాదికి దాదాపు 5,200 మంది అని తేలింది. ఉత్తరప్రదేశ్ తర్వాత మనమే.

ఇప్పుడు దాచిన సగం చూడండి. 2003 నుంచి 2015 దాకా సర్కారు ఆస్పత్రుల్లో పాముకాటుతో పోయినవాళ్ళు 15,500 మంది అని ప్రభుత్వం చెప్పింది. అదే కాలంలో సర్కారు ఆస్పత్రుల్లోనే పోయినవాళ్ళు 1,54,000 మంది అని ఈ పరిశోధన తేల్చింది. పదింట ఒకటి రాసుకుని తొమ్మిది వదిలేశారన్నమాట. ఈ లక్షన్నర మంది మంత్రగాడి అరుగు మీద పోలేదు సార్. ఆస్పత్రి మంచం మీద పోయారు. వీళ్ళ చావుకి ఏ మూఢనమ్మకం కారణం?

నిజమే, 2011 లెక్కలో ముప్పావు మంది ఆస్పత్రికి బయటే పోయారని కూడా ఉంది. దాన్ని మేం దాచం. కానీ బయట ఎందుకు పోయారో అడగాలి కదా. మాచర్ల నుంచి గుంటూరుకు వంద కిలోమీటర్లు దాటిన దారి. తండా నుంచి రోడ్డు దాకా రావడానికే అర్ధరాత్రి బండి దొరకదు. పోయిన వానాకాలం మా హాస్టల్ తమ్ముడి మేనమామకి పత్తి చేలో పురుగు ముట్టింది. ఆయన మంత్రానికి పోలేదు. నేరుగా దగ్గర్లో ఉన్న ఆస్పత్రికే పోయాడు. "ఇక్కడ మందు లేదు, పెద్దాస్పత్రికి తీసుకుపోండి" అన్నారు. రెండో చోట "డాక్టర్ గారు పొద్దున వస్తారు" అన్నారు. మూడో చోట మందు ఎక్కేసరికి ఆరు గంటలు దాటిపోయింది. మనిషి బతికాడు, కిడ్నీలు మాత్రం దెబ్బతిన్నాయి. ఇప్పుడు డయాలసిస్‌కి పోయొస్తున్నాడు. కూలి పోయింది, మేకలు అమ్ముడయ్యాయి. ఇందులో మంత్రం ఎక్కడుంది?

ఆరు గంటలు ఆలస్యమైతే ఏమవుతుందో సైన్సు చెప్తుంది, కొంచెం వినండి. మన దగ్గర ఎక్కువగా ప్రాణం తీసేవి నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, ఇసుక పింజర. నాగుపాము విషం నరాల నుంచి కండరాలకు పోయే కబురుని ఆపేస్తుంది. కట్లపాము మన గుడిసెల్లో నేల మీద పడుకున్నోళ్ళని రాత్రిపూట కరుస్తుంది. నొప్పి తెలియదు, గాటు సరిగ్గా కనపడదు. కడుపునొప్పి అంటారు, కనురెప్పలు వాలిపోతాయి, తర్వాత ఊపిరాడదు. దాని విషం నరాల చివర్లనే పాడు చేస్తుంది కాబట్టి, ఒకసారి పాడయ్యాక మందిచ్చినా వెంటనే తిరిగి రాదు, వెంటిలేటర్ కావాలి. పింజరల విషం ఒంట్లో రక్తం గడ్డకట్టే శక్తిని తినేస్తుంది. రక్తపింజరైతే కిడ్నీలని కూడా దెబ్బ తీస్తుంది. అందుకే ప్రతి గంటా లెక్కే. రక్తం గడ్డకడుతుందో లేదో చూడటానికి పెద్ద మిషన్ ఏమీ అక్కర్లేదు. శుభ్రమైన గాజు ట్యూబులో 2 మిల్లీలీటర్ల రక్తం తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచితే చాలు. ఏ పిహెచ్‌సిలో అయినా చెయ్యొచ్చు.

ఇక మన ఇంటి మాట. ఇది చెప్పకపోతే మేం కూడా సగం నిజం చెప్పినట్టే. ఈ మధ్య మన గ్రూపుల్లోనే "మా తాతల పసరు ముందు ఇంగ్లీషు మందు ఎంత" అని పోస్టులు వస్తున్నాయి, వందల లైకులు పడుతున్నాయి. అన్నా, అక్కా, తాతల మీద గౌరవం మాకూ ఉంది. కానీ మంత్రం ఎందుకు పని చేసినట్టు కనపడుతుందో ఆలోచించండి. మన దేశంలో 300కు పైగా పాము జాతులుంటే విషం ఉన్నవి కొన్నే. విషప్పాము కరిచినా ప్రతిసారీ విషం ఎక్కించదు, ఉత్త కాటు కూడా వేస్తుంది. అలా కరిచినోడు మంత్రం వేసినా బతుకుతాడు, వెయ్యకపోయినా బతుకుతాడు. పేరు మంత్రానికి వస్తుంది. నిజంగా విషమెక్కినోడు పోతే "ఆయువు తీరింది" అంటాం. ఇది లెక్క కాదు, మనల్ని మనమే మోసం చేసుకోవడం. గట్టిగా తాడు బిగించడం, గాటు కోయడం, నోటితో పీల్చడం, పసరు తాగించడం, ఇవన్నీ ఆపాలి. ఒంట్లో తిరిగే విషాన్ని పట్టుకుని ఆపేది విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఒక్కటే. ఈ మాట మన పెద్దోళ్ళకి వేరేవాళ్ళు చెప్తే అవమానంలా ఉంటుంది. మనం చెప్తే వింటారు.

అయితే మన తాతలకి ఏమీ తెలియదా? తెలుసు. వాళ్ళకు తెలిసింది మంత్రం కాదు, పాము. ఏ పుట్టలో ఏముంది, ఏ కాలంలో ఎక్కడ తిరుగుతుంది, చేతికి దెబ్బ తగలకుండా ఎలా పట్టాలి అన్న విద్య. పల్నాడు పొలాల్లో కుండలో పొగ పెట్టి ఎలుకలు పట్టేది మన యానాదులే. ఎలుక ఉన్న చోటికే పాము వస్తుంది. ఆ బొరియల్లో చెయ్యి పెట్టి బతికినోళ్ళ తెలివికి సర్టిఫికెట్ లేదు, అంతే తేడా.

ఈ తెలివి లేకుండా సైన్సు నడవలేదు కూడా. 1796లో ప్యాట్రిక్ రస్సెల్ అనే తెల్లదొర మన కోరమాండల్ తీరం పాముల మీద పెద్ద పుస్తకం అచ్చేశాడు. అందులో ఇక్కడి జనం పిలిచే తెలుగు పేర్లే రాసుకున్నాడు. రక్తపింజరకి "కాటుక రేకుల పొడ" అని రాశాడు. ఇప్పుడు లోకమంతా ఆ పాముని రస్సెల్స్ వైపర్ అంటుంది. పేరు చెప్పినోళ్ళు ఎవరో ఎవరికీ తెలియదు, రాసుకున్నోడి పేరు మాత్రం మిగిలింది. కట్లపాముల జాతికి శాస్త్రం పెట్టిన పేరు బంగారస్. అది మన తెలుగు "బంగారు" మాటే. 1963లో తైవాన్ శాస్త్రవేత్తలు అదే జాతి పాము విషం నుంచి ఆల్ఫా బంగరోటాక్సిన్ తీశారు. నరం కండరానికి కబురు ఎలా చెప్తుందో తెలుసుకోవడానికి అది ఎంతో పనికొచ్చింది. ఇసుక పింజర విషంలోని ఒక పదార్థాన్ని చూసి గుండెపోటుకి వాడే టిరోఫిబాన్ మందు తయారు చేశారు. మన పొలం గట్టు మీద పాము వల్ల పట్నం గుండెలు బతుకుతున్నాయి, సంతోషమే. మరి ఆ గట్టు మీద నడిచే కూలి మనిషి బతకొద్దా?

ఇంకో పెద్ద సంగతి. మన దేశంలో విరుగుడు మందుకి కావాల్సిన విషంలో ఎక్కువ భాగం ఒకే చోటు నుంచి వస్తుంది. తమిళనాడులో మహాబలిపురం దగ్గర వడనెమ్మేలిలో ఇరుళ గిరిజనుల సహకార సంఘం ఉంది. పాము తోళ్ళ వ్యాపారం ఆగిపోయి ఇరుళ జనం ఉపాధి పోగొట్టుకున్నాక, 1978లో రాములస్ విటేకర్ సాయంతో పెట్టుకున్నారు. లైసెన్సు మీద పాములు పడతారు, విషం తీస్తారు, మళ్ళీ అడవిలో వదిలేస్తారు. ఆ విషాన్ని కొద్దికొద్దిగా గుర్రాలకి ఎక్కించి, వాటి రక్తం నుంచి మందు చేస్తారు. ఆ సంఘం మనుషులు వడివేల్ గోపాల్, మాసి సడైయన్ కొండచిలువలు పట్టడానికి అమెరికా ఫ్లోరిడా దాకా పోయొచ్చారు. 2023లో ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది. దేశం ప్రాణాలు కాపాడే మందుకి మూలం గిరిజనుల చెయ్యి. ఈ మాట ఆ సదస్సుల్లో ఒక్కరూ చెప్పరేం?

ఇందులో సమస్య కూడా ఉంది. బెంగళూరు ఐఐఎస్‌సిలో కార్తీక్ సునగర్ బృందం ఏళ్ళుగా పరిశోధించి చెప్పేదేంటంటే, ఒకే జాతి పాము విషం కూడా ఊరు మారితే మారుతుంది. 2025లో రక్తపింజర మీద వాళ్ళు వేసిన పేపర్లో వాన, ఎండ తేడాలకి కూడా విషం గుణం మారుతుందని చూపించారు. అంటే ఒక్క ప్రాంతం పాముల విషంతో చేసిన మందు ఇంకో ప్రాంతంలో అంత గట్టిగా పని చెయ్యకపోవచ్చు. దీన్ని పట్టుకుని "మందు దండగ" అనొద్దు. ఇప్పుడున్న మందే ప్రాణం నిలబెడుతోంది, అదే ఎక్కించుకోవాలి. మేం అడిగేది ఇంకా మంచి మందు. పల్నాటి పాము విషం కూడా ఆ మందులో కలవాలి.

"పిహెచ్‌సిలో ఇస్తే రియాక్షన్ వస్తుంది, భయం" అంటారు. రియాక్షన్ వస్తే వాడే అడ్రినలిన్ ఖరీదైన మందేమీ కాదు. కావాల్సింది శిక్షణ. "దాచడానికి ఫ్రీజర్ లేదు" అంటారు. పొడి రూపంలో వచ్చే మందుకి ఫ్రీజర్ అక్కర్లేదు. కేంద్రం 2024 మార్చిలో పాముకాటు మీద జాతీయ కార్యాచరణ ప్రణాళిక విడుదల చేసి, 2030కి చావులు సగానికి తగ్గిస్తామని రాసుకుంది. అదే ఏడాది నవంబరులో ప్రతి పాముకాటు కేసునీ తప్పకుండా నమోదు చెయ్యాలని రాష్ట్రాలకు ఉత్తరం రాసింది. కాగితం మీద అన్నీ ఉన్నాయి. తండాకి ఇంకా చేరలేదు.

అందుకే మేం అడుగుతున్నవి ఇవి:

1. పల్నాడు జిల్లాలో ప్రతి పిహెచ్‌సిలో మొదటి డోసుకి సరిపడా, అంటే కనీసం 10 వయల్స్ ఎప్పుడూ ఉండాలి. ఎన్ని ఉన్నాయో బయట బోర్డు మీద రాయాలి.

2. రాత్రి డ్యూటీలో ఉండే డాక్టర్లకీ నర్సులకీ శిక్షణ ఇవ్వాలి. మొదటి డోసు ఎక్కించాకే పెద్దాస్పత్రికి పంపాలి.

3. ప్రతి కేసూ, ప్రతి చావూ రాయాలి. ఊరు, కులం, చేస్తున్న పని, మందు ఎన్ని గంటలకి ఎక్కిందో అన్నీ రాయాలి.

4. ఇరుళ సంఘంలాంటి సహకార సంఘం యానాదులకీ చెంచులకీ కావాలి. చట్టప్రకారం లైసెన్సు, జీతం, బీమా ఇవ్వాలి. విషం మనది, విద్య మనది అయినప్పుడు ఉద్యోగం కూడా మనదే కావాలి.

5. హాస్టళ్ళ చుట్టూ ముళ్ళకంప కొట్టించాలి, మంచాలు, దోమతెరలు ఇవ్వాలి, బాత్రూం దారిలో లైట్లు పెట్టాలి. 2022 మార్చిలో కురుపాం గురుకులంలో పడుకున్న పిల్లల్ని పాము కరిచి ఒక బాబు పోయాడు. ఇంకో హాస్టల్ పేరు పేపర్లో రాకూడదు.

మనం చెయ్యాల్సింది కూడా ఉంది. పాము ముడితే మనిషిని కదలనివ్వకండి, పరిగెత్తించకండి. కరిచిన కాలో చెయ్యో కదలకుండా చూడండి. ఉంగరాలు, కడియాలు తీసేయండి. టైము రాసుకోండి. 108కి ఫోన్ చేయండి. పాము కోసం వెతుకుతూ కూర్చోవద్దు, మందు నాలుగు పాములకీ ఒకటే. పండక్కి ఇంటికి పోయినప్పుడు తండాలో పది మందిని కూర్చోబెట్టి ఇదే చెప్పండి. పాములు పట్టే పెద్దాయన ఉంటే ఆయన్నే ముందు కూర్చోబెట్టండి. ఆయన నోటితో "ఆస్పత్రికి పోండి" అనిపిస్తే పది సదస్సుల పెట్టు.

ఈ వారంలో ఒక్క పని చెయ్యండి. మీ మండలం పిహెచ్‌సికి పోయి పాముకాటు మందు ఉందా, ఎన్ని వయల్స్ ఉన్నాయి, రాత్రిపూట ఇస్తారా అని మర్యాదగా అడగండి. లేదంటే లేదనే రాయించుకోండి. ఊరి పేరుతో సహా ఇక్కడ కామెంట్లో పెట్టండి. అన్నీ కలిపి పట్టిక చేసి నరసరావుపేటలో కలెక్టర్ గారు అర్జీలు తీసుకునే చోట మేమే ఇస్తాం.

— చిలకలూరిపేట హాస్టల్ విద్యార్థులం