గుళికలు చల్లిన మడిలో ఎర్రలు బతకవు

నెల్లిమర్ల ప్రాంతంలో ఉభాలకు ముందు ఆకుమడిలో గుళికలు చల్లటం కొత్త సంగతేమీ కాదు. అందులో ముఖ్యమైనది కార్బోఫ్యూరాన్. చల్లేది కూలీ, చాలాసార్లు ఉత్త చేత్తోనే. వారం తిరిగేసరికి అదే బురదలో దిగి నారు తీసేది ఆడకూలీలు.

ఆ మందు పురుగు నరాలను పట్టుకుంటుంది. కాండం తొలిచే పురుగేదో, నేలను గుల్లచేసే ఎర్ర ఏదో దానికి తేడా లేదు. గాలానికి గుచ్చే ఎర్రలే, పుస్తకాల్లో వానపాములంటారు. తెగుళ్లకు కొట్టే కార్బెండజిమ్ కూడా వాటికి గొడ్డలిపెట్టే.

నీరు నిలిచే మడిలో ఎర్రలు ఎలాగూ తక్కువే గదా అంటారు కొందరు. నిజమే. కాని గట్లమీదా, గోగూ చోడీ వేసే మెట్టలోనూ వాటి పని చూడండి. ఇంగ్లండులో చాలాచోట్ల ఎకరాకు ఏటా 10 టన్నులకు పైగా మట్టి వీటి కడుపులోంచి పోతుందని డార్విన్ 1881లో లెక్కకట్టాడు. అలా వచ్చిన మట్టిలో మొక్కకందే నత్రజని, భాస్వరం ఎక్కువ. వాటి బొరియల్లోంచే వాన ఇంకుతుంది. కూలి అడగని ఈ కూలీ చచ్చిపోతే నేల గట్టిపడుతుంది, ఇంకో బస్తా ఎరువు కావాలి. మదుపు రైతుది, లాభం కంపెనీది.

ఇది రైతుకు తెలీదా? తెలుసు. కాని కౌలురైతు చేతిలో భూమి ఎన్నాళ్లుంటుంది? 2019 నాటి సాగుదారుల హక్కుల చట్టం కూడా యజమాని సంతకం ఉంటేనే, అదీ 11 నెలలకే పత్రం అంది. ఈ ఏడు తోలిన గత్తం ఫలితం వచ్చే ఏడు ఇంకొకడు తింటాడు. పంట పోతే అప్పు మాత్రం ఇతనిదే. అప్పిచ్చేదీ, ఏ మందు కొట్టాలో చెప్పేదీ ఒకే కొట్టు షావుకారు. ఇక ఎర్రల గురించి ఎవడాలోచిస్తాడు!

ఢిల్లీ ప్రభుత్వం ఏం చేసింది? ఫోరేట్ గుళికలను 2018లో ఉత్తర్వు వేసి, 2020 ఆఖరుకి గాని ఆపలేదు. 2023లో కార్బోఫ్యూరాన్ మిగతా రకాలన్నీ ఆపి, 3 శాతం గుళికలను మాత్రం వదిలేసింది. అంటే మన ఆకుమడిలో పడేదాన్నే వదిలేసిందన్నమాట. అమెరికాలో తిండి పంటల్లో దాని అవశేషమే ఉండకూడదని 2009లోనే తేల్చారు.

ఈసారి ఉభాలకు కూలిరేటు మాట్లాడేటప్పుడు మందు మాటా తీయాలి. ఆకుమడిలో ఏం చల్లారు, ఎన్నాళ్లయింది, సంచి మీద త్రికోణం ఏ రంగు అని అడగాలి. ఎర్రరంగుంటే అన్నిటికన్నా ఘోరమైన విషమని గుర్తు. చల్లేవాడికి చేతితొడుగులు ఎవరిస్తారో కూడా ముందే తేల్చుకోవాలి.