‘బాగానే ఉన్నాను’ అనే గోడ

2022 ఏప్రిల్ 3, ఆదివారం రాత్రి దక్షిణ కొరియాలో ఒక టీవీ సీరియల్ ముగిసింది. పేరు ‘ట్వెంటీ ఫైవ్ ట్వెంటీ వన్’. టీవీఎన్ చానల్‌లో శని, ఆదివారాల్లో 16 భాగాలుగా వచ్చింది. నెట్‌ఫ్లిక్స్ ద్వారా ఎన్నో దేశాలకు చేరింది. చివరి భాగంలో కథానాయకుడు, కథానాయిక విడిపోయారు. అంతే! అభిమానుల దుఃఖం కట్టలు తెంచుకుంది. కొందరు ఏడ్చారు, కొందరు కథ రాసిన వారి మీద మండిపడ్డారు. ఇన్ని వారాలు ఆశపెట్టి చివరికి ఇలా చేస్తారా అని నిలదీశారు. లేని మనుషులు విడిపోతే ఇంత బాధేమిటని నవ్వి ఊరుకోవచ్చు. కానీ ఆ కన్నీళ్ల వెనుక మనమంతా ఆలోచించాల్సిన సంగతి ఒకటుంది.

కథ 1998లో మొదలవుతుంది. అంతకు ముందు ఏడాది చివర్లో కొరియా ఆర్థిక వ్యవస్థ కుప్పకూలి, ఆ దేశం అంతర్జాతీయ ద్రవ్యనిధి ముందు చేయి చాచింది. దేశం అప్పు తీర్చడానికి సామాన్యులు తమ ఇళ్లలోని బంగారాన్ని తెచ్చి ఇచ్చిన రోజులవి. ఆ దెబ్బకు బేక్ యి-జిన్ తండ్రి కంపెనీ దివాలా తీసింది. కుటుంబం చెల్లాచెదురైంది. నిన్నటిదాకా సంపన్నుడి బిడ్డగా పెరిగిన యువకుడు ఇంటింటికీ పేపర్లు వేసే పనిలో చేరాడు. నా హీ-డో ఫెన్సింగ్ నేర్చుకుంటున్న హైస్కూలు అమ్మాయి. అదే సంక్షోభంలో ఆమె స్కూలు ఫెన్సింగ్ జట్టును ఎత్తేశారు. ఆశలు కూలిన ఆ ఇద్దరూ ఒకరికొకరు ధైర్యమయ్యారు. ఆమె పతకాలు గెలిచింది. అతను టీవీ చానల్‌లో క్రీడా విలేకరి అయ్యాడు. స్నేహం ప్రేమగా మారింది. అతనికి 25, ఆమెకు 21 ఏళ్లు వచ్చినప్పటి ప్రేమకు గుర్తుగానే ఆ పేరు.

ఈ కథంతా ఏళ్ల తర్వాత హీ-డో కూతురు తల్లి పాత డైరీ చదువుతుండగా మనకు తెలుస్తుంది. ఆ అమ్మాయి ఇంటిపేరు కిమ్. కథానాయకుడి ఇంటిపేరు బేక్. మరి ఆమె తండ్రి ఎవరు? వారాల తరబడి అభిమానులు ఈ లెక్క విప్పడానికి తంటాలు పడ్డారు. ఇంటిపేరు మారి ఉంటుందేమో, ఇంకేదో మలుపు ఉంటుందేమో అని ఆశకు ఆశ ముడివేసుకున్నారు. చివరికి మలుపేదీ రాలేదు. వాళ్లు నిజంగానే విడిపోయారు.

ఎలా విడిపోయారన్నదే అసలు విషయం. అక్కడ మూడో మనిషి లేడు, మోసం లేదు, పెద్దల అడ్డు లేదు. 2001 సెప్టెంబర్ 11న న్యూయార్క్‌లో జంట సౌధాలు కూలిన తర్వాత ఆ వార్తల కోసం యి-జిన్‌ను అమెరికా పంపారు. శవాల మధ్య, శోకాల మధ్య అతను రోజూ పనిచేశాడు. చూసినవి మనసును నలిపేశాయి. ఆ బరువు హీ-డో మీద పడకూడదనుకున్నాడు. ఫోన్లు తగ్గాయి, మాటలు తగ్గాయి. ఈ వైపు ఆమె ఎదురుచూస్తూనే ఉంది. ఎదురుచూడటం ఆమెకు కొత్త కాదు. ఆమె తల్లి పేరున్న న్యూస్ యాంకర్. వార్తల ఒత్తిడిలో భర్త అంత్యక్రియలకు కూడా రాలేకపోయిన మనిషి. ఆ గాయం హీ-డోకు చిన్ననాటి నుంచీ ఉంది. చివరికి ఇద్దరూ ఎదురుపడిన రోజున ఇంతకాలం అణచుకున్నదంతా కోపమై బయటికొచ్చింది. ఒక సొరంగ మార్గంలో నిలబడి, అనకూడని మాటలు అనుకుని విడిపోయారు.

దీని మీద అభిమానులు రెండుగా చీలారు. అంత ప్రేమ ఉన్నవాళ్లు అలా విడిపోరు, ఇది అన్యాయమని కొందరు. జీవితం ఇలాగే ఉంటుంది, తొలిప్రేమలన్నీ పెళ్లిదాకా రావని మరికొందరు. మన సంఘాల్లోనైతే మూడో మాట వినిపిస్తుంది: “బైబిలు చదివే సమయంలో ఈ సీరియళ్లేమిటి, ఈ ఏడుపులేమిటి?”

ఆ మూడో మాట అనేముందు ఒక్కసారి నాతాను ప్రవక్తను గుర్తు చేసుకుందాం. దావీదు బత్షెబ విషయంలో పాపం చేసి, ఊరియాను చంపించి, ఏమీ జరగనట్టు సింహాసనం మీద కూర్చున్నాడు. అతని దగ్గరికి దేవుడు నాతానును పంపితే, ప్రవక్త నేరుగా గద్దించలేదు. ఒక కథ చెప్పాడు. ధనవంతుడు పేదవాడి ఒక్కగానొక్క గొర్రెపిల్లను లాక్కున్న కథ. దావీదు ఆ కథలోని ధనవంతుడి మీద భగ్గుమన్నాడు. అప్పుడు ప్రవక్త, ఆ మనిషివి నువ్వేనని వేలెత్తి చూపాడు (2 సమూయేలు 12:1-7). కథలోని అన్యాయం మీద వచ్చిన కోపమే తన పాపాన్ని చూసుకునే అద్దమైంది. కాబట్టి కథ చూసి కదిలిపోవడం తప్పు కాదు. కదిలిన మనసుతో అద్దంలోకి చూడకపోవడమే నష్టం.

మరి ఈ అద్దంలో ఏం కనబడుతోంది? అభిమానులు కథ రాసిన వారిని నిందించారు గానీ, ఆ జంటను విడదీసింది మౌనం. “నా బాధ నాతోనే ఉండనీ, తనను బాధపెట్టడమెందుకు” అనే మంచి ఉద్దేశంతో మొదలైన మౌనం. అదే ఇద్దరి మధ్య గోడగా లేచింది. ఇటుకలన్నీ ప్రేమతో పేర్చినవే, అయినా గోడ గోడే!

యేసుప్రభువు అలా చేయలేదు. గెత్సేమనే తోటలో సిలువ మరణం కళ్ల ముందున్న రాత్రి, పేతురును, యాకోబును, యోహానును వెంట తీసుకెళ్లాడు. తన ప్రాణం మరణమంతటి దుఃఖంలో మునిగి ఉందని వాళ్లతో చెప్పాడు. తనతో కూడా మెలకువగా ఉండమని అడిగాడు (మత్తయి 26:38). వాళ్లు ఆ దుఃఖాన్ని తీర్చగలరా? తీర్చలేరు. కనీసం మేలుకుని ఉన్నారా? అదీ లేదు, నిద్రపోయారు. వాళ్ల బలహీనత ప్రభువుకు తెలియనిది కాదు. అయినా చెప్పాడు! “చెబితే మాత్రం వాళ్లేం చేయగలరు?” అని మనం రోజూ అనుకునే మాటకు ఆ తోటలోనే జవాబుంది. దేవుని కుమారుడే తన బాధను స్నేహితులతో పంచుకోవడానికి చిన్నతనపడలేదు. మనం ఆయనకంటే గట్టివాళ్లమా?

ఆ కొరియా జంట విడిపోయారే గానీ, వాళ్లు వివాహ ప్రమాణం చేసుకున్నవాళ్లు కారు. మనలో చాలామందిమి దేవుని ఎదుట, సంఘం ఎదుట ఆ ప్రమాణం చేసినవాళ్లం. కష్టంలోనూ సుఖంలోనూ తోడుంటామని ఒప్పుకున్నవాళ్లం. కష్టంలో తోడుంటానన్న మనిషికి ఆ కష్టమే చెప్పకపోతే? ఆ ప్రమాణాన్ని నిలబెట్టుకునే అవకాశాన్ని మనమే వాళ్ల చేతిలోంచి లాగేసుకున్నట్టు.

ఉభయ గోదావరి జిల్లాల నుంచి, కడప నుంచి, కరీంనగర్ నుంచి గల్ఫ్ దేశాలకు పనికి వెళ్లిన వాళ్లున్న ఇళ్లకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కర్లేదు. అక్కడ జీతం ఆగినా ఫోన్‌లో “బాగానే ఉన్నాను” అంటాడు భర్త. ఇక్కడ పిల్లవాడు జ్వరంతో మూలుగుతున్నా “అందరం బాగున్నాం” అంటుంది భార్య. రెండు మాటలూ ప్రేమలోంచి వచ్చినవే. కానీ సంవత్సరాల తరబడి అవే మాటలైతే, సెలవు మీద ఇంటికొచ్చిన మనిషి ఎదురుగా కూర్చున్నా మాట్లాడుకోవడానికి ఏమీ ఉండదు. దూరదేశం దాకా ఎందుకు, ఒకే కప్పు కింద ఉంటూ ఇలా బతికేవాళ్లు తక్కువా? ఆదివారం ఆరాధనలో పక్కపక్కన కూర్చుని ఒకే పాటల పుస్తకం పట్టుకున్న దంపతుల మధ్య కూడా ఈ గోడ ఉండొచ్చు. ప్రార్థన మనవుల్లో ఉద్యోగం ఉంటుంది, పరీక్షలుంటాయి, ఆరోగ్యం ఉంటుంది. “మేమిద్దరం మాట్లాడుకోవడం మానేశాం, మా కోసం ప్రార్థించండి” అన్న మనవి ఎంత అరుదు!

చెప్పడం ఒకరి బాధ్యతైతే అడగడం ఇంకొకరి బాధ్యత. ఎల్కానా గొప్ప ప్రవక్త కాడు. కానీ భార్య హన్నా అన్నం ముట్టకపోవడం గమనించాడు, ఎందుకు ఏడుస్తున్నావని అడిగాడు (1 సమూయేలు 1:8). ఆమెను ఓదార్చబోయి అన్న మాట అంత తెలివైనదేమీ కాదు. అయినా అడిగాడు. మన ఇంట్లో ఎవరు సరిగ్గా తినడం లేదో, ఎవరు నవ్వడం మానేశారో మనం గమనిస్తున్నామా? ఒకరి భారాలు ఒకరు మోయమన్న ఆజ్ఞ (గలతీ 6:2) సంఘానికంతటికీ ఇచ్చినదే. అది మొదట నెరవేరాల్సింది మాత్రం మన ఇంటి గుమ్మం లోపలే.

ఆ సీరియల్‌లో మరో సంగతి మనసును పట్టేస్తుంది. ఆ రోజుల్లో హీ-డో డైరీ ఒకటి పోయింది. ఏళ్లు గడిచి, ఆమె ఒక బిడ్డకు తల్లయ్యాక అది తిరిగి చేతికొచ్చింది. అందులో యి-జిన్ రాసిన మాటలున్నాయి. ఆ రోజు నోటితో చెప్పలేకపోయిన మాటలు. అవి చదివి ఆమె, ఆ సొరంగంలో జరిగిన వీడ్కోలును ఊహలో మరోసారి, ఈసారి కృతజ్ఞతతో, మంచి మాటలతో జరుపుకుంది. అభిమానులు ఎక్కువగా ఏడ్చింది బహుశా అక్కడే. మాటలున్నాయి, ప్రేమ కూడా ఉంది. కానీ సమయం మించిపోయింది.

మనకు మించిపోలేదు. సూర్యుడు అస్తమించేలోగా కోపాన్ని విడిచిపెట్టమని పౌలు ఎఫెసు సంఘానికి రాశాడు (ఎఫెసీ 4:26). కోపాన్నే కాదు, దాచుకున్న దుఃఖాన్ని కూడా రేపటికి వాయిదా వేయకపోవడం మంచిది. తెర మీది జంట మళ్లీ కలవాలని కోరుకున్న మనసు దేవుడిచ్చినదే. ఆ కోరికను మన ఇంటికి తీసుకెళ్దాం. ఈ రాత్రి ఫోన్‌లోనో, భోజనం దగ్గరో “ఎలా ఉన్నావు?” అని అడుగుదాం. జవాబుగా “బాగానే ఉన్నాను” అని వస్తే అక్కడితో వదిలేయకుండా, ఇంకోసారి అడుగుదాం.