ఐ-20లో ఆ ఒక్క గడి చదవకుండా డబ్బు కట్టకండి

ఫాల్ సీట్లకు డిపాజిట్లు కట్టే రోజులివి. అమీర్‌పేటలో, దిల్‌సుఖ్‌నగర్‌లో, బెజవాడ బెంజ్ సర్కిల్ చుట్టుపక్కల కన్సల్టెన్సీల్లో సాయంత్రమైతే కుర్చీ దొరకదు. యూనివర్సిటీ ఏది, ఫీజెంత, లోన్ ఏ బ్యాంకు ఇస్తుంది, వీసా స్లాట్ ఎప్పుడు వస్తుంది అని గంటల తరబడి మాట్లాడుకుంటారు. పిల్లవాడు అక్కడికెళ్లి ఏం చదవబోతున్నాడన్నది మాత్రం రెండు నిమిషాల్లో తేలిపోతుంది. "బిజినెస్ పెట్టేద్దాం అంకుల్, మనవాళ్లంతా అదే తీసుకుంటున్నారు, అడ్మిట్ ఈజీగా వచ్చేస్తుంది" అని కౌన్సెలర్ అంటాడు. తండ్రి తలూపుతాడు. పొలమో ఫ్లాటో తాకట్టు పెట్టి తెచ్చే లక్షల అప్పు తీరే దారి ఆ రెండు నిమిషాల్లోనే ఖాయమైపోతోంది. దయచేసి అక్కడ ఆగండి.

అమెరికా యూనివర్సిటీ పంపే ప్రవేశ పత్రం ఐ-20 చేతికి రాగానే పేరు, పుట్టిన తేదీ, ఫీజు అంకె చూసి పక్కన పెట్టేస్తున్నారు. మొదటి పేజీలోనే చదువు వివరాల దగ్గర "మేజర్ 1" అనే గడి ఉంటుంది. అందులో కోర్సు పేరు, దాని పక్కన ఆరంకెల కోడ్. దాన్ని సీఐపీ కోడ్ అంటారు. రెండు యూనివర్సిటీలు ఎంబీఏ సీటే ఇచ్చాయనుకోండి. ఒక ఐ-20లో 52.0201 ఉంది. అది జనరల్ బిజినెస్ అడ్మినిస్ట్రేషన్, అమెరికా హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ ప్రకటించిన స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) జాబితాలో లేదు. రెండోదాంట్లో 52.1301 ఉంది. అది మేనేజ్‌మెంట్ సైన్స్, జాబితాలో ఉంది. మొదటి సీటు తీసుకున్నవాడికి చదువయ్యాక ఉద్యోగం చేసుకునే ఓపీటీ గడువు 12 నెలలు. రెండోవాడు దానిపైన మరో 24 నెలలు అడగవచ్చు. కంపెనీ అక్కడి ప్రభుత్వ ఈ-వెరిఫై వ్యవస్థలో నమోదై ఉండాలి, శిక్షణ ప్రణాళిక మీద సంతకం చేయాలి. అయినా దారంటూ ఒకటుంది. మొదటివాడికి అదీ లేదు.

ఈ తేడా ఎంత పెద్దదో లెక్క వేసి చూడండి. హెచ్-1బీ ఉద్యోగ వీసాలు ఏటా 65,000, అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్లకు ఇంకో 20,000. దరఖాస్తులు అంతకన్నా ఎక్కువ వస్తాయి కాబట్టి అందరికీ రావు, మార్చిలో పేర్లు నమోదు చేసి ఎంపిక చేస్తారు. మూడేళ్ల ఓపీటీ ఉన్నవాడికి మూడు నాలుగు మార్చిలు దొరుకుతాయి. ఏడాదే ఉన్నవాడికి ఒకటి, మహా అయితే రెండు. ఆ ఏడాదిలోనూ ఉద్యోగం లేకుండా మొత్తం 90 రోజులకు మించి ఉండకూడదు. బ్యాంకు వాయిదా మాత్రం నెలనెలా వస్తూనే ఉంటుంది.

"అయితే స్టెమ్ కోర్సు ఏదో ఒకటి తీసుకుంటే సరి" అనుకుంటే అదీ ముప్పే. ఓపీటీలో చేసే ఉద్యోగానికి చదివిన మేజర్‌తో నేరుగా సంబంధం ఉండాలని నిబంధన. హెచ్-1బీ దగ్గరా ఇదే ప్రశ్న. ఇష్టం లేని సబ్జెక్టులో చేరి, రెండేళ్లు ఎలాగో నెట్టుకొచ్చి, అక్కడ నేర్చుకున్న ఆన్‌లైన్ కోర్సుతో వేరే ఉద్యోగానికి రెజ్యూమె తయారుచేసుకున్న పిల్లలు ఎందరో ఈ మెలికలో చిక్కుకుంటున్నారు. కోడ్ ముఖ్యమే. అంతకన్నా ముందు, ఆ సబ్జెక్టులో ఏ క్లాసులుంటాయో పిల్లవాడు తన నోటితో చెప్పగలగాలి.

ఏం చదువుతున్నామన్నది పక్కన పెట్టి పని చేసుకునే అనుమతి కోసమే చేరితే ఏమవుతుందో తెలుగువాళ్లకు ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మీద దాడులు జరిగాక మన పిల్లల కాళ్లకు రేడియో ట్యాగులు కట్టారు. 2019 జనవరిలో మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ బండారం బయటపడింది. అది ప్రభుత్వమే పరచిన వల. క్లాసులు లేవు, పాఠాలు చెప్పేవాళ్లు లేరు. ఎనిమిది మంది దళారుల మీద కేసులు పెట్టారు. మొదటి విడత అరెస్టుల్లోనే 129 మంది భారతీయ విద్యార్థులున్నారు, వాళ్లలో ఎందరో మనవాళ్లు. సిలబస్ ఏమిటి, క్లాసు ఎక్కడ అని ఒక్కరు గట్టిగా అడిగినా ఆ యూనివర్సిటీ గుట్టు తెలిసిపోయేది.

బీఫార్మసీ పిల్లల సంగతి వేరుగా చెప్పాలి. మన రెండు రాష్ట్రాల్లో ఫార్మసీ కాలేజీలు ఎన్నో ఉన్నాయి. అమెరికా వెళ్లి ఎంఎస్ చేస్తే మందుల షాపులో ఫార్మసిస్టుగా స్థిరపడవచ్చని ఇప్పటికీ నమ్మేవాళ్లున్నారు. విదేశాల్లో చదివిన ఫార్మసిస్టులు అక్కడ రాయాల్సిన ఎఫ్‌పీజీఈఈ పరీక్షకు, 2003 నుంచి పట్టా పొందినవాళ్లయితే కనీసం ఐదేళ్ల ఫార్మసీ డిగ్రీ ఉండాలి. మన బీఫార్మసీ నాలుగేళ్లే. పైన చేసే ఎంఎస్ ఆ లోటును పూడ్చదు. పరిశోధన, తయారీ రంగాల్లో ఉద్యోగం కావాలంటే ఆ ఎంఎస్ మంచి చదువే. ఫార్మసిస్టు కావాలనుకుంటే మాత్రం ఆ దారి మూసి ఉంది. ఈ మాట సీటు ఇప్పించేవాళ్లు చెప్పరు. ఆరేళ్ల ఫార్మ్-డి చేసినవాళ్ల పరిస్థితి వేరు.

వైద్య విద్యకు విదేశాలకు వెళ్లేవాళ్లు 2021 నవంబరులో మన జాతీయ వైద్య కమిషన్ తెచ్చిన నిబంధనలు చదవాలి. కోర్సు 54 నెలలకు తగ్గకూడదు, అదే సంస్థలో 12 నెలల ఇంటర్న్‌షిప్ ఉండాలి. కెనడాకు వెళ్లేవాళ్లకూ ఒక మాట. 2024 నవంబరు 1 నుంచి స్టడీ పర్మిట్‌కు దరఖాస్తు చేసేవాళ్లలో, డిగ్రీ కాకుండా కాలేజీ డిప్లొమాల్లో చేరేవారికి, చదివిన రంగం అక్కడి ప్రభుత్వ జాబితాలో ఉంటేనే తర్వాత వర్క్ పర్మిట్ ఇస్తారు. బిజినెస్ మేనేజ్‌మెంట్ డిప్లొమా పేరుతో డబ్బు కట్టించుకునేవాళ్లను ముందు ఈ ప్రశ్న అడగండి.

కన్సల్టెన్సీలన్నీ మోసమని నేననను. కానీ విద్యార్థిని చేర్చినందుకు కమీషన్ ఇచ్చే యూనివర్సిటీలున్నాయి. కమీషన్ తీసుకునేవారి సలహా మీద పిల్లవాడి మేజర్ నిర్ణయం కాకూడదు. యూనివర్సిటీ అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయానికి పిల్లవాడే స్వయంగా మెయిల్ రాయాలి. ఈ కోర్సు సీఐపీ కోడ్ ఎంత, అది స్టెమ్ జాబితాలో ఉందా, తప్పనిసరి సబ్జెక్టులేవి అని అడిగి, జవాబు లిఖితంగా తీసుకోవాలి. ఆ కోడ్‌ను అమెరికా ప్రభుత్వ వెబ్‌సైట్‌లోని జాబితాతో మీరే పోల్చి చూసుకోండి. అది ఎప్పటికప్పుడు మారుతుంది. 2022 జనవరిలో ఒక్కసారే 22 కొత్త రంగాలు చేర్చారు. పాత జాబితా చూపించి ఎవరైనా ఏదైనా చెబితే నమ్మకండి.

డిపాజిట్ కట్టేసినవాళ్లూ ఇక అంతేననుకోవద్దు. చాలా యూనివర్సిటీలు సీటు ఇచ్చిన శాఖలోనే దగ్గరి కోర్సుకు మార్చుకోనిస్తాయి, కొత్త ఐ-20 ఇస్తాయి. వీసా ఇంటర్వ్యూకు ముందైతే ఆ పని సులువు. అక్కడ దిగాక కూడా మార్పు సాధ్యమే కానీ, అప్పటికి ఒక సెమిస్టర్ ఫీజు పోయి ఉంటుంది. కాబట్టి ఆ మెయిల్ ఈ రాత్రే రాయించండి.