గోడ మీద కాక్‌పిట్‌!

పైలట్‌ లైసెన్సు చేతికొచ్చింది, ఎయిర్‌లైన్స్‌లో ఉద్యోగమూ ఖాయమైంది. ఇక విమానం నడపడమే తరువాయి అనుకుంటారు ఇంట్లోవాళ్లు. నిజానికి అసలు చదువు మొదలయ్యేది అప్పుడే!

మనదేశంలో కమర్షియల్‌ లైసెన్సుకి 200 గంటలు విమానం నడిపిన అనుభవం కావాలి. అందులో ఎక్కువభాగం చిన్న విమానాలమీదే. ఎయిర్‌బస్‌ ఎ320లోనేమో వెనకాల 180 మంది దాకా ఉంటారు. అందుకే ఆ విమానం కోసమే ప్రత్యేకంగా టైప్‌ రేటింగ్‌ శిక్షణ. సిమ్యులేటర్‌లో కూర్చున్నాక ఏ స్విచ్‌ ఎక్కడుందో వెతుక్కునే తీరిక ఉండదు. పైగా అక్కడ ఇద్దరిద్దరికి కలిపి నేర్పుతారు. ఒకరు తడబడితే రెండోవారి సమయమూ పోతుంది.

దీనికో చవకైన మార్గముంది... కాక్‌పిట్‌ పోస్టర్‌ని గోడకి అతికించి, ఎదురుగా కుర్చీ వేసుకోవడమే. వరసగా స్విచ్‌లన్నిటినీ చేత్తో తాకుతూ, పక్క పైలట్‌తో చెప్పాల్సిన మాటల్ని పైకే అంటూ సాధన చేయాలి. క్యాబిన్‌లో గాలి పీడనం పడిపోతే ముందుగా ఆక్సిజన్‌ మాస్కు పెట్టుకోవడంలాంటివి చెక్‌లిస్టు తెరవకుండానే చేయాలి. అవి కంఠతా రావాల్సిందే. చదివేది మాత్రం చేరబోయే సంస్థ ఇచ్చిన మాన్యువలే అయ్యుండాలి. వేరేచోట పద్ధతి అలవాటైతే మానుకోవడం కష్టం.

ఇంట్లోవాళ్లకీ ఓ పనుంది. ‘ఎప్పుడు ఎగురుతావ్‌?’ అని రోజూ అడిగే బదులు, పుస్తకం పట్టుకుని ఆ పాఠం అప్పజెప్పించుకుంటే సరి!